మొదటి రైలుకు లేచిన గేటు

టెక్సస్‌లో మా ఊరు ప్లేనోలో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నాకు తప్పని ప్రశ్న ఒకటుండేది: "ఆంటీ, మీది ఏ టెక్నాలజీ?" రైల్వే అని చెబితే నవ్వేవారు. పాలప్యాకెట్ కోసం కూడా కార్ తీసే ఊళ్ళో రైళ్ళేమిటి అని వాళ్ళ ఉద్దేశం. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. తర్వాత విసుగొచ్చి, "గోల కొలుస్తాను నాయనా, నీకు పెరుగన్నం పెట్టనా" అనేదాన్ని.

అది అబద్ధమేమీ కాదు. 2001 నుంచి 2015 వరకు నేను చేసింది అదే. ఈమధ్య మాస్టర్స్ చదువుతున్న పిల్లలు కొందరు పవర్, రైల్వే వైపు వద్దామనుకుంటున్నామనీ ఈ పని ఎలా ఉంటుందో చెప్పమనీ మెయిల్ రాస్తున్నారు. ఒక్కొక్కరికి విడిగా రాసే ఓపిక నాకు లేదు. అందుకే ఇది. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ ఫలకం ఇచ్చారో రాయను. వాటితో మీకు పనిలేదు, నాకూ లేదు. నేర్చుకున్నవి రెండు మూడున్నాయి. అందులో ఒకటి నేర్చుకోవడానికి నా బదులు వేరే మనిషి మూల్యం చెల్లించాడు. ఎక్కువ భాగం దాని గురించే.

పని ఏమిటంటే

పాత రోజుల్లో వంటింట్లో మిక్సీ వేస్తే హాల్లో రేడియో గరగరలాడేది, గుర్తుందా? కరెంటు రైలు కూడా ఒక పెద్ద మిక్సీ. పైనున్న తీగ నుంచి కరెంటు లాగుతుంది, మోటార్లు తిప్పుతుంది, మిగిలిన కరెంటు పట్టాల మీదుగా సబ్‌స్టేషన్‌కి తిరిగి వెళ్తుంది. లాగేటప్పుడు, వదిలేటప్పుడు, తీగతో సంబంధం ఒక్క క్షణం తెగి మళ్ళీ కలిసేటప్పుడు విద్యుత్తులో ఒక కుదుపు పుడుతుంది. దాన్ని ట్రాన్సియెంట్ అంటాం. కన్ను మూసి తెరిచేలోపు వచ్చి పోతుంది.

చిక్కేమిటంటే, అవే పట్టాల మీద సిగ్నల్ వాళ్ళు కూడా కాపురం ఉంటారు. పట్టాల ఒక చివర నుంచి సన్నటి సంకేతం ఒకటి పంపిస్తారు. రెండో చివర రిసీవర్ దాన్ని వింటూ ఉంటుంది. వినబడుతున్నంతసేపు దారి ఖాళీ అని అర్థం. రైలు వస్తే దాని ఇరుసులు రెండు పట్టాలనూ కలిపేస్తాయి, సంకేతం అవతలికి చేరదు. రిసీవర్‌కి ఏమీ వినబడకపోతే రైలు వచ్చిందని లెక్క, రోడ్డు గేటు పడుతుంది. ఇదే ట్రాక్ సర్క్యూట్. తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా రిసీవర్‌కి వినబడదు, గేటు పడే ఉంటుంది. జనం తిట్టుకుంటారు తప్ప ఎవరూ చావరు. భయపడాల్సింది దానికి తిరగబడ్డ సంగతికి. రైలు ఉండగానే దాని గోల రిసీవర్‌కి సంకేతంలా వినబడితే, దారి ఖాళీ అనుకుని గేటు లేచిపోతుంది. అలా జరగకుండా చూడటమే నా ఉద్యోగం.

వాల్టర్ దగ్గర

2001లో టెలికాం కంపెనీలు కుప్పకూలినప్పుడు మా బిల్డింగ్‌లో ఒక్కో అంతస్తు ఖాళీ అవుతూ నా అంతస్తుదాకా వచ్చింది. హెచ్-వన్ వీసా మీదున్నవాళ్ళు పెట్టెలు సర్దుకున్నారు. నాకు గ్రీన్‌కార్డ్ ఉండబట్టి ఇంకో ఉద్యోగం వెతుక్కునే వ్యవధి దొరికింది. యాభైకి దగ్గరపడిన ఆడమనిషిని ఎవరు తీసుకుంటారని బెంగపడుతుంటే, వాల్టర్ అనే పెద్దమనిషి తీసుకున్నాడు. రైల్వేలకు పరీక్షలు చేసిపెట్టే చిన్న సంస్థ ఆయనది.

చేరిన మూడు వారాలు ఆయన నన్ను మీటర్ ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే రైలెక్కించి, నడిపేవాడి వెనక నిలబెట్టి, ఎప్పుడు కుదుపు వస్తుందో, ఎక్కడ లైట్లు మిణుక్కుమంటాయో రాసుకురమ్మనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఇరవయ్యేళ్ళ అనుభవమున్న ఇంజనీర్‌ని, టికెట్ కలెక్టర్‌లా తిప్పుతాడేమిటి అనుకున్నాను. రైలు ఆ క్షణాన ఏం చేస్తోందో తెలియకుండా గ్రాఫ్ చదవకూడదని ఆయన పట్టుదల. అది సరైన మాట. తర్వాత నా కింద చేరిన ప్రతివాళ్ళకీ నేను అదే చేశాను, వాళ్ళూ నన్ను అలాగే తిట్టుకుని ఉంటారు.

మీటర్ చేతికొచ్చిన మొదటి వారంలోనే దాన్ని తగలబెట్టాను. పట్టా నేల మీదే ఉంది కదా, నేలే కదా అనుకుని మీటర్ ఎర్త్ వైర్ తీసుకెళ్ళి పట్టాకి తగిలించాను. ఈ రైళ్ళ పట్టాలను కావాలనే నేలకు అంటకుండా పెడతారు. రైలు కదిలినప్పుడు వాటి మీద వోల్టేజి లేస్తుంది. వైరు నా చేతిలోనే పొగలు కక్కింది. వాల్టర్ కాలిన ఆ వైరు ముక్కను నెలరోజులు నా టేబుల్ మీద ఉంచాడు. తిట్టినా బాగుండేది.

వాల్టర్‌లో సగం మనిషికి నేను ఇప్పటికీ దండం పెడతాను. మిగతా సగానికి లాయర్లంటే చచ్చేంత భయం. ఆ సగం గురించి ముందు ముందు వస్తుంది.

ఆవరేజ్ మీద ప్రేమ

టెలికాం నుంచి నేను ఒక అలవాటు తెచ్చుకున్నాను. సిగ్నల్ చుట్టూ గోల ఎక్కువగా ఉంటే, అదే కొలతను పదహారు సార్లు తీసి సగటు కట్టడం. అప్పుడొకటి ఇప్పుడొకటి వచ్చే చిల్లర గోల సగటులో కొట్టుకుపోతుంది, స్థిరంగా ఉన్నది మాత్రం పైకి తేలుతుంది. ఒక ఊళ్ళో వేళాపాళా లేకుండా ట్రాక్ సర్క్యూట్ చెడిపోతుంటే, నాకంటే ముందు ముగ్గురు వచ్చి చూసి చేతులెత్తేశారు. నేను సగటు తీస్తే గోల మధ్యలోంచి సన్నటి గీత ఒకటి సూటిగా నిలబడింది. అది రైలు నుంచి వచ్చింది కానే కాదు. స్టేషన్లో కొత్తగా పెట్టిన ఎస్కలేటర్ మోటారుది. రైల్వేవాళ్ళు మా ఆఫీస్‌కి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. వారంరోజులు గాల్లో తేలాను.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా మొదట ఆవరేజ్ బటనే నొక్కేదాన్ని. గ్రాఫులు ఎంత శుభ్రంగా వచ్చేవో! రిపోర్టులో పెడితే ముగ్గేసినట్టుండేది. ఆఫీస్‌లో ఆటపట్టించేవారు, నా పెళ్ళి ఫొటోలకు కూడా సగటు తీసే ఉంటానని. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం గర్వమే. నాకు కళ్ళు నెత్తికెక్కాయని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు, ఉన్నా వినేదాన్ని కాదు.

డేల్ చెప్పింది

పడమటివైపు ఒక నగరం. పేరు రాయను. రాస్తే ఊరి మీద వేలు చూపించినట్టవుతుంది, చూపించాల్సింది నా మీద. 2010 దాటాక సంగతి. అక్కడ ఊళ్ళో తిరిగే చిన్న కరెంటు రైలు, లైట్ రైల్ అంటారు, దాని మార్గంలో ఒక రోడ్డు గేటుంది. గేటుకు అవతల కూరగాయల గోదాము. పొద్దున్నే సరుకు వ్యాన్లు వరసగా ఆ పట్టాలు దాటుతాయి. రైలు వస్తుండగానే గేటు లేచిందని ఒక వ్యాన్ డ్రైవర్ రెండుసార్లు ఫిర్యాదు చేశాడు. రెండోసారి రైలు అతని బండి వెనక అద్దానికి అంగుళాల దూరంలోంచి దూసుకుపోయింది.

ఆ గేటును చూసుకునే మనిషి డేల్. సిగ్నల్ మెయింటెయినర్. ఆ ముక్క పట్టాల మీద ఇరవయ్యేళ్ళకు పైగా పని చేస్తున్నాడు. రిసీవర్ ఎంత సన్నటి చప్పుడును వినాలో తిప్పి పెట్టేది అతనే. ఎక్కువ తిప్పితే గోలను కూడా సంకేతమనుకుంటుంది. అందుకని అనుమానం అతని మీదకే వెళ్ళింది. ఇది రైలు తప్పా, మనిషి తప్పా తేల్చమని మా సంస్థను పిలిచారు. నేనూ, నా కింద పనిచేసే శ్రీకాంత్ అనే ఇంజనీరూ వెళ్ళాం. శ్రీకాంత్‌ది కరీంనగర్ దగ్గర. ఇక్కడే మాస్టర్స్ చేసి, హెచ్-వన్ మీద మా దగ్గర చేరాడు. మాట తక్కువ. నన్ను ఆంటీ అనొద్దని మొదటిరోజే చెప్పాను కాబట్టి మేడమ్ అనేవాడు.

ఈ దేశంలో రైల్వేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. పట్టాల మీద కాలు పెట్టేముందు అందరూ గుండ్రంగా నిలబడాలి. ఆ రోజు పనేమిటి, ప్రమాదం ఎక్కడుంది, ఎవరికి ఏం తెలుసు, అన్నీ పైకి చెప్పుకోవాలి. చెప్పింది ఒక కాగితం మీద రాస్తారు, విన్నామని అందరూ సంతకం పెడతారు. దాన్ని జాబ్ బ్రీఫింగ్ అంటారు. అందరికీ అది విసుగే. డేల్ మాత్రం దాన్ని పూజలా చేసేవాడు. ఆ రోజు అరగంట మాట్లాడాడు. ఎక్కడ కాలు జారుతుందో, ఎక్కడ కందిరీగలున్నాయో అన్నీ చెప్పాడు. నేను ఫోన్‌లో తిరుగు ఫ్లైట్ టైమ్ చూసుకుంటున్నాను. కాగితం నా దగ్గరికొచ్చింది, సంతకం పెట్టాను.

అక్టోబర్ మధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది. పది రైళ్ళను కొలిచాం. ఎనిమిదో రైలు వెళ్తుంటే శ్రీకాంత్, ఏదో పైకి ఎగిరింది మేడమ్ అన్నాడు. ఒకే ఒకసారి ఎగిరినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని అతనికి పాఠం చెప్పాను. ఒక్కో రైలుకు పదహారు కొలతల చొప్పున సగటు తీశాం. గీత చదునుగా, పరిమితికి చాలా కింద, ముగ్గులా వచ్చింది.

రిపోర్టులో రెండు వాక్యాలు రాశాను. రైలు నుంచి వచ్చే ఇంటర్‌ఫియరెన్స్ పరిమితి లోపలే ఉంది అన్నది మొదటిది. రిసీవర్ సర్దుబాటునూ మెయింటెనెన్స్ పద్ధతులనూ పరిశీలించడం మంచిది అన్నది రెండోది. ఆ రెండో వాక్యం నన్నెవరూ అడగలేదు. అది లేకపోతే రిపోర్టు మధ్యలో ఆగిపోయినట్టు అనిపించింది, అంతే. మీరు రేపు రిపోర్టులు రాస్తారు. మీరు కొలవనిదాని గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి, ఎంత మర్యాదగా కనిపించినా సరే.

మూడు వారాల తర్వాత ఒక మెయిల్ కాపీ నాకొచ్చింది. విచారణ ముగిసేదాకా డేల్‌ను జీతం లేకుండా పనిలోంచి తప్పించారు. ఆధారం నా రిపోర్టు. చదివాను, పాపం అనుకున్నాను, ఇంకో ఫోల్డర్‌లోకి నెట్టేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ జరిగింది ఇదే.

శ్రీకాంత్ లాప్‌టాప్

ఒక శనివారం శ్రీకాంత్‌ని భోజనానికి రమ్మన్నాను. ఒంటరిగా ఉంటాడు, నెలకోసారైనా ఇంటి భోజనం తిననీ అని. గోంగూర పప్పు వడ్డిస్తుంటే అతను చెయ్యి కడగలేదు. లాప్‌టాప్ సంచీ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.

"మేడమ్, ఒక మాట చెప్తా. ఏమనుకోవద్దు," అన్నాడు. "ఆ గేటు డేటా మొత్తం ఆవరేజ్ లేకుండ మళ్ళా చూసిన."

రిపోర్ట్ వెళ్ళి నెల దాటింది, ఇప్పుడెందుకు అన్నాను. నా గొంతులో కోపం నాకే వినబడింది.

"రిపోర్ట్ పోయింది మేడమ్. ఆయన జాబ్ కూడా పోతది," అన్నాడు.

లాప్‌టాప్ తెరిచాడు. ఎనిమిదో రైలు. గేటు దగ్గర పై తీగలో ఒక అతుకుంది. రైలు నెత్తినుండే చట్రం, పాంటోగ్రాఫ్ అంటారు, ఆ అతుకు దగ్గర ఎగిరి ఒక్క క్షణం తీగను వదిలేసింది. నిప్పురవ్వ లేచింది. ఆ క్షణంలో గోల రిసీవర్ వినే పౌనఃపున్యం దగ్గరే కొండలా నిలబడి ఉంది. దాన్ని పదహారుతో భాగించి నేలమట్టం చేసింది నేను. ట్రాన్సియెంట్‌ను పట్టుకోమని పిలిస్తే వెళ్ళి, దొరికిన ఒక్కదాన్నీ చెరిపేసి వచ్చాను. ఈ రంగంలో ఉన్నవాళ్ళు మాత్రమే చేయగల తప్పిది. మామూలు మనిషైతే కళ్ళతో చూసింది చూసినట్టు చెప్పేవాడు.

ఒక్క రవ్వకు గేటు లేవదు. రిసీవర్ అంత తొందరపడదు, కాసేపు ఆగకుండా వినబడితేనే నమ్ముతుంది. ఆ మాటే అన్నాను, ఇంకా నన్ను నేను కాపాడుకునే ప్రయత్నంలోనే ఉన్నాను కాబట్టి. అప్పుడు శ్రీకాంత్ ఇంకో ఫైలు తెరిచాడు. ఆ రోజు జాబ్ బ్రీఫింగ్ కాగితం. డేల్ చేతిరాతలో, ప్రమాదాల వరుసలో ఇలా ఉంది: తీగ మీద తెల్లగా మంచు పట్టిన రోజున, మొదటి రైలుకు, దారంతా పైన నీలంగా మెరుస్తుంది. అప్పుడు గేటును చూడండి.

దాని కింద నా సంతకం.

మంచు పట్టిన తీగ మీద పాంటోగ్రాఫ్ సరిగా ఆనదు. రవ్వ ఒక్కటి కాదు, రైలు పొడవునా ఆగకుండా లేస్తూనే ఉంటుంది. రిసీవర్ నమ్మడానికి అది చాలు. ఒక మనిషి అంతా విప్పి చెప్పి, రాసి, నా చేతికే ఇచ్చాడు. నేను చదవకుండా సంతకం పెట్టి, అతని మీదే రిపోర్టు రాశాను. శ్రీకాంత్ తలొంచుకుని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. అతని గ్రీన్‌కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది వాల్టరే. ఆ భయంతోనే వారంరోజులు ఈ సంగతి లోపల పెట్టుకున్నానని తర్వాత చెప్పాడు. అతన్ని నేను ఏమీ అనలేకపోయాను. నా దగ్గర చెప్పడానికే అతనికి వారం పట్టిందంటే అందులో నా నోటి వాటా కూడా ఉంది.

ఒక్క మాట దగ్గర

సోమవారం వాల్టర్ గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన గ్రాఫ్ చూశాడు, కాగితం చూశాడు, చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఖర్చు మన సంస్థదే, మళ్ళీ వెళ్ళి కొలిచి రండి అన్నాడు. ఇది దండం పెట్టే సగం.

తర్వాత రెండో సగం మాట్లాడింది. రెండో రిపోర్టు రాయి, కానీ అందులో తప్పు అనే మాట ఎక్కడా రాకూడదు అన్నాడు. అదనపు సమాచారం లభించింది అని రాయాలి. తప్పు అని రాస్తే ఆ వ్యాన్ డ్రైవర్ తరఫు లాయర్ పట్టుకుంటాడు, ఇన్సూరెన్స్ వాళ్ళు వదిలేస్తారు, మన సంస్థలో పద్దెనిమిదిమంది జీతాలు పోతాయి. డేల్‌కి ఉద్యోగం తిరిగొస్తే చాలు కదా, ఆ ఒక్క మాట కోసం పట్టుబట్టడం ఎందుకు అని అడిగాడు.

సరే అన్నాను. నిజం చెప్పాలంటే తేలిగ్గా కూడా అనిపించింది.

మంచు పట్టిన తీగ

డిసెంబర్‌లో నేనూ శ్రీకాంత్ అక్కడికి వెళ్ళి హోటల్లో దిగాం. రైల్వేవాళ్ళు అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు. మొదటి రైలు నడకవేగంతో రావాలి, గేటుకు ముందే ఆగాలి. రోడ్డుకు రెండువైపులా ఎర్ర బోర్డు పట్టుకున్న మనుషులుంటారు. మూడు రోజులు తెల్లవారుతూనే వెళ్ళి నిలబడ్డాం. తీగ పొడిగా ఉంది, గేటు పద్ధతిగా పడి పద్ధతిగా లేచింది. మూడోరోజు రైల్వే సూపర్‌వైజర్ నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలిసినదే. నేను ఆ చూపును ఎంతోమంది మీద వాడాను.

నాలుగో రోజు కారు అద్దాల మీద మంచు గీకాల్సి వచ్చింది. మేం వెళ్ళేసరికి గోదాము ముందు కాలిబాట మీద డేల్ నిలబడి ఉన్నాడు. పనిలోంచి తప్పించారు కాబట్టి పట్టాల దగ్గరికి రాకూడదు. కాలిబాట అందరిదీ. నేను పిలవలేదు, ఎవరూ పిలవలేదు. ఆ ఉదయం ఎలా ఉంటుందో అతనికి తెలుసు, అంతే. నన్ను చూసి తలాడించాడు. నాకు దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

ఈసారి ఆవరేజ్ బటన్ జోలికి వెళ్ళలేదు. ప్రతి క్షణాన్నీ ఉన్నదున్నట్టు పట్టేలా పెట్టాం. రైలు మలుపు తిరిగింది. దాని నెత్తిన నీలపు వెలుగు చిటపటలాడుతూ, ఆరకుండా, తీగ వెంట నడిచి వచ్చింది. గంట మోగింది, గేటు పడింది. వ్యాన్లు ఆగాయి. రైలు ఇంకా దగ్గరికి వస్తుండగా గంట ఆగిపోయింది. గేటు కర్రలు రెండూ మెల్లగా పైకి లేచాయి.

ముందున్న వ్యాన్ కదిలింది. ఆ డ్రైవర్‌ని తప్పుపట్టలేం, గేటు లేస్తే ఎవరైనా కదులుతారు. బోర్డు పట్టుకున్న మనిషి దాని ముందుకు నడిచి నిలబడ్డాడు. వ్యాన్ ఆగింది, రైలూ ఆగింది. రిసీవర్ దగ్గర కూర్చున్న శ్రీకాంత్ అంకెలు చదువుతూనే ఉన్నాడు, నేను రాసుకుంటూనే ఉన్నాను. మేం లేని రోజున, మామూలు వేగంతో వచ్చే రైలుకు ఆ వ్యాన్ ఎక్కడ ఉండేదో నేను ఆలోచించదలచుకోలేదు. కానీ ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

మిగతాది తేలిగ్గా తేలింది. తిరుగు కరెంటు రెండు పట్టాల్లోనూ సమానంగా వెళ్ళాలి. అప్పుడు ఒకదాని గోలను ఇంకొకటి కొట్టేస్తుంది. ఆ గేటు దగ్గర ఒక పట్టాను తిరుగు కరెంటు దారికి కలిపే రాగి తీగ రోడ్డు కాంక్రీటు కింద చిలుము పట్టి తెగిపోయింది. రోడ్డు తవ్వితే గాని కనిపించదు. కరెంటంతా ఒక పట్టా మీదే నడిచి, గోలంతా రిసీవర్ చెవిలోనే పడింది. రిసీవర్‌ను కూడా విప్పి చూశారు. డేల్ దాన్ని పుస్తకంలో ఉన్నట్టే, అణువంత తేడా లేకుండా పెట్టాడు. విచారణ దాకా ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు.

విచారణ గదిలో

డేల్ విచారణ జనవరిలో జరిగింది. చిన్న గది. విచారణ అధికారి, డేల్, అతని యూనియన్ మనిషి, నేను. వాల్టర్ ఫోన్‌లో వింటున్నాడు. నా రెండో రిపోర్టు అందరి ముందూ ఉంది. అదనపు సమాచారం లభించింది అనే రాశాను అందులో, ఆయన చెప్పినట్టే.

అధికారి చదివి, నన్ను ఒకే ప్రశ్న అడిగాడు. అంటే మీ మొదటి రిపోర్టు, అప్పటికి మీ దగ్గరున్న సమాచారం ప్రకారం సరైనదే, అంతే కదా? అడిగిన తీరు మంచిగానే ఉంది. అవునంటే చాలు. డేల్ ఉద్యోగం ఎలాగూ తిరిగొస్తుంది. వాల్టర్ ఊపిరి పీల్చుకుంటాడు. నేను మధ్యాహ్నం ఫ్లైట్ అందుకుంటాను.

డేల్ వైపు చూశాను. అతను బల్ల మీదున్న తన చేతులకేసి చూసుకుంటున్నాడు. ఆ మనిషి ముందు అవును అనడానికి నాకు నోరు రాలేదు.

"కాదు," అన్నాను. "మొదటి రిపోర్టు తప్పు. సమాచారం నా దగ్గర అప్పుడే ఉంది. యంత్రం పట్టుకుంది, నేను చెరిపేశాను. ఈయన ఎక్కడ చూడాలో రాసి ఇచ్చారు, నేను చదవకుండా సంతకం పెట్టాను. మెయింటెనెన్స్ గురించి రాసిన వాక్యానికి నా దగ్గర ఆధారమే లేదు."

తప్పు ఎవరు కనిపెట్టారని అడిగితే శ్రీకాంత్ పేరు చెప్పాను. ఎవరైనా అడిగితే నీ పేరు చెప్పనా అని ముందురోజే అతన్ని అడిగితే, చెప్పండి మేడమ్ అన్నాడు. వాల్టర్ నాతో సరిగ్గా మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. ఆయన భయపడ్డ లాయర్ వచ్చాడు, ఉత్తరాలు నడిచాయి, సంస్థ ఒక ఏడాది బాగా ఇబ్బంది పడింది. శ్రీకాంత్ కాగితాల మీద మాత్రం వాల్టర్ ఆలస్యం చేయకుండా సంతకం పెట్టాడు. నేను చెప్పింది ఒప్పా తప్పా అని మీరు అడిగితే, ఆ పద్దెనిమిదిమందిని తలుచుకుంటే ఇప్పటికీ తేలిగ్గా చెప్పలేను. మళ్ళీ అడిగినా అదే చెబుతాననేది మాత్రం తెలుసు.

డేల్‌ను ఆ రోజే పనిలోకి తీసుకున్నారు, ఆగిన జీతంతో సహా. గది బయట వరండాలో అతను నా కోసం ఆగి ఉన్నాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకుంటూ వెళ్ళాను. సారీ చెప్పాను. అతను చేత్తో వద్దన్నట్టు చేసి, నెమ్మదిగా మాట్లాడాడు.

"మీ మొదటి గ్రాఫ్ కాపీ నాకూ ఇచ్చారు. రోజూ సాయంత్రం గ్యారేజ్‌లో కూర్చుని దాన్నే చూసేవాణ్ణి. రిసీవర్‌ని ఎలా తిప్పానో ఒక్కొక్కటీ గుర్తు చేసుకునేవాణ్ణి. గ్రాఫ్ అంత శుభ్రంగా ఉంది. కొన్నాళ్ళకి నేనే ఏదో తప్పుగా తిప్పానని, అందుకే గేటు లేస్తోందని నమ్మేశాను. క్రిస్మస్ ముందు మా ఆవిడతో కూడా చెప్పేశాను, ఆ తప్పు నాదేనని."

అతను కోటు జేబుల్లో ఫోన్ వెతుక్కున్నాడు.

"ఇప్పుడు ఆమెకి ఫోన్ చేయాలి," అన్నాడు. "ఆ తప్పు నాది కాదని చెప్పాలి." అలా అని మెట్లవైపు నడిచాడు.